క్రిస్మస్ చెట్టు: పదేళ్ల సేద్యం, నెల్లాళ్ల బేరం

కార్తీక మాసం ముగింపుకు వచ్చేసరికి గోదావరి డెల్టాలో కడియం చుట్టుపక్కల కడియపులంక, వేమగిరి, బుర్రిలంక దారుల వెంట ఉన్న నర్సరీల ముందువరుస మారిపోతుంది. అప్పటిదాకా గులాబీలూ బోగన్‌విల్లాలూ నిలబడిన చోట నల్లని కవర్లలో, ప్లాస్టిక్ కుండీలలో అరకేరియా మొక్కలు వచ్చి నిలుస్తాయి. కొనేవారు వాటిని ఆ పేరుతో అడగరు, క్రిస్మస్ ట్రీ అనే అడుగుతారు. మన ప్రాంతంలో సెమీ క్రిస్మస్ వేడుకలు డిసెంబరు మొదటి వారం నుంచే మొదలవుతాయి గనుక బేరం నవంబరు నెలాఖరుకే ఊపందుకుంటుంది. హైదరాబాదుకూ బెంగుళూరుకూ వెళ్లే లారీలు అంతకుముందే కదులుతాయి.

నార్త్ కరోలినాలో స్థిరపడిన మా పెద్దమ్మగారి అబ్బాయి ఏటా ఇదే రోజుల్లో అక్కడి చెట్ల తోటల ఫొటోలు పంపుతుంటాడు. కొండవాలు పొడవునా కొలిచి గీసినట్లు ఒకే ఆకారంలో నిలబడిన చెట్లు, పిల్లల చేత చెట్టును ఎంపిక చేయించి రంపంతో కోసి కారు మీద కట్టుకుపోయే కుటుంబాలు ఆ ఫొటోలలో ఉంటాయి. ఫొటోల వెనకే ప్రశ్న కూడా వస్తుంది: "మన చేలో ఇవి వేస్తే ఎలా ఉంటుందిరా?" నర్సరీ పనిలోనే జీవితం గడిపిన మా మావయ్యగారి దగ్గర పెరిగినవాడిని కాబట్టి ఆ ప్రశ్నను నేను నవ్వి వదిలేయలేకపోయాను. అక్కడి సేద్యం ఎలా సాగుతుందో చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్న కొద్దీ, మన డెల్టాలో ఆ చెట్టు ఎందుకు బతకదన్నదాని కన్నా దాన్ని పెంచే రైతు లెక్కలు మన నర్సరీవాళ్ల లెక్కలతో ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నదే ఆసక్తికరంగా తోచింది.

అమెరికాలో కోసి అమ్మే క్రిస్మస్ చెట్లు ఏటా రెండున్నర కోట్ల నుంచి మూడు కోట్ల వరకు ఉంటాయి. పూర్వం వాటిని అడవి నుంచి నరికి తెచ్చేవారు. 1901లో న్యూజెర్సీ రాష్ట్రంలో మెక్‌గాలియార్డ్ అనే రైతు పాతిక వేల నార్వే స్ప్రూస్ మొక్కలు నాటడంతో అక్కడ ఇది వ్యవసాయంగా మొదలైందని చెబుతారు. ఇప్పుడు ఆరెగాన్, నార్త్ కరోలినా రాష్ట్రాలు ముందున్నాయి. ఆరెగాన్‌లో నోబుల్ ఫర్, డగ్లస్ ఫర్ జాతులు (ఫర్ అంటే చలి ప్రాంతాల్లో పెరిగే సూదాకుల చెట్టు) ప్రధానమైనవి కాగా, నార్త్ కరోలినా కొండల్లో దాదాపు అంతా ఫ్రేజర్ ఫరే. అడవిలో ఈ ఫ్రేజర్ ఫర్ అపలాచియన్ పర్వతాల దక్షిణ భాగంలో, అదీ సుమారు 4,500 అడుగులకు పైన ఉన్న కొన్ని శిఖరాల మీద మాత్రమే సహజంగా పెరుగుతుంది. ఐరోపా నుంచి వచ్చిన ఒక సూక్ష్మమైన రసం పీల్చే పురుగు ఆ శిఖరాల మీది పెద్ద చెట్లను చాలావరకు చంపేసింది. ఇళ్లలో దీపాలు తగిలించుకుని కోట్లాది మందికి తెలిసిన చెట్టు, తన సొంత చోట మోడై నిలిచింది.

ఈ సేద్యంలో తొలి దశే కష్టమైనది. ఫ్రేజర్, నోబుల్ లాంటి ఫర్ జాతుల కాయలు చెట్టు కొసన నిటారుగా నిలబడి, పండగానే అక్కడికక్కడే పొరలు పొరలుగా విడిపోయి రాలతాయి. అందువల్ల రాలిన కాయలను ఏరుకునే వీలు లేదు, విడిపోవడానికి ముందే మనిషి చెట్టు చివరిదాకా ఎక్కి కోయాలి. ఐరోపాలో అమ్ముడయ్యే నార్డ్‌మన్ ఫర్ చెట్లలో చాలావాటి విత్తనం జార్జియా దేశంలోని అంబ్రొలవురి పరిసరాల అడవుల నుంచి వస్తుంది. అక్కడి మనుషులు అంతెత్తు చెట్లెక్కి కోసిన కాయలలోని విత్తనమే డెన్మార్క్ తోటలలో మొలకెత్తి జర్మనీ ఇళ్లకు చేరుతుంది. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవారి కష్టం చూస్తూ పెరిగిన మనకు ఆ కూలి ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

విత్తనం నారుమడిలో మొలిచాక మొక్క మూడు నుంచి ఐదేళ్లు మడిలోనే ఉంటుంది, నడుమ ఒకసారి తీసి ఎడంగా నాటడం కూడా ఉంటుంది. అప్పటికీ దాని ఎత్తు మోకాలి దాకా కూడా రాదు. ఆ తర్వాత పొలంలో ఐదడుగులకొకటి చొప్పున నాటితే ఎకరానికి దాదాపు 1,700 మొక్కలు పడతాయి. అక్కడి నుంచి ఆరేడు అడుగుల చెట్టు కావడానికి జాతిని బట్టి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. విత్తు నాటిన రోజు నుంచి లెక్కిస్తే కాపు పది పన్నెండేళ్ల మీదే. వరిచేను నాలుగు నెలలలో కోతకొచ్చే చోట పుట్టిన మనకు ఈ నిరీక్షణ వింతగా ఉంటుంది. అయితే మన తాతలు కొబ్బరి వేసినప్పుడు ఆరేడేళ్లు ఆగినవారే. తేడా ఏమిటంటే కొబ్బరి ఒకసారి కాపుకొస్తే తరాల పాటు కాస్తుంది, ఈ చెట్టు ఒక్క కోతతో సరి.

ఇంతకాలం ఆ రైతు చేసే పనిలో ముఖ్యమైనది కత్తిరింపు. ఫర్ చెట్టు తనంతట తాను ఫొటోలో కనిపించే ఆకారంలో పెరగదు. వదిలేస్తే ఏడాదికి అడుగున్నర, రెండడుగుల పొడవైన తలచిగురు వేసుకుంటుంది. ఒక వరుస కొమ్మకూ మరొక వరుసకూ మధ్య ఖాళీ పెరిగిపోయి, లోపలి కాండం కనిపిస్తూ పలచగా ఉంటుంది. అటువంటి చెట్టును ఎవరూ కొనరు. అందుకని ఏటా వేసవి మధ్య నుంచి మొదలుపెట్టి పనివాళ్లు పొడవాటి పలుచని కత్తులతో, కాళ్లకు రక్షణ కవచాలు కట్టుకుని, చెట్టు చుట్టూ తిరుగుతూ పై నుంచి కిందికి ఒకే ఊపున పక్క కొమ్మల కొసలు నరుకుతారు. తలచిగురును పది పన్నెండు అంగుళాలకు కుదిస్తారు. రెండు తలలు పోటీపడి లేస్తే ఒకదాన్ని తీసేస్తారు. కోసిన ప్రతి కొస వెనకా కొత్త మొగ్గలు లేచి మరుసటి ఏడాదికి చెట్టు దట్టమవుతుంది. పైన్ జాతులకు ఈ పని లేత చిగురు గట్టిపడక ముందే, జూన్, జులై నెలల్లోని కొద్ది వారాల్లోనే ముగించాలి. ఆ గడువు దాటితే కోసిన చోట మొగ్గ కట్టదు. ఫర్ చెట్లకు ఇంకొంచెం వెసులుబాటు ఉంది. నార్త్ కరోలినాలో ఈ పని చేసేవారిలో ఎక్కువమంది మెక్సికో నుంచి తాత్కాలిక వీసాల మీద వచ్చే కూలీలే. ఎండలో, కొండవాలులో, పదునైన కత్తితో రోజుకు కొన్ని వందల చెట్లకు ఆకారమివ్వగల చేయి యంత్రానికి ఇంకా పూర్తిగా లొంగలేదు.

ఈ సంగతులు చెప్పినప్పుడు మా మావయ్యగారు అన్నది ఒక్కటే మాట: "ఏ మొక్కకైనా తల ఒక్కటే ఉండాలయ్యా. అది మనవాళ్లకీ తెలుసు. కానీ ఈ అరకేరియా తల మీద కత్తి పెట్టావో, ఇంక అది దేనికీ పనికిరాదు."

నిజానికి రెండు చెట్ల మధ్య తేడా అంతా అక్కడే ఉంది. అరకేరియా ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ సముద్రంలో ఉన్న నార్ఫోక్ దీవికి చెందిన చెట్టు. కెప్టెన్ కుక్ 1774లో ఆ దీవికి చేరినప్పుడు ఐరోపావారికి తెలిసింది. దాని సౌష్ఠవం పుట్టుకతో వచ్చినది. కాండం చుట్టూ సాధారణంగా ఐదేసి కొమ్మల చొప్పున ఒక వరుస, కొంత ఎడంతో మరో వరుస, ఎవరూ దిద్దకుండానే గొడుగులు పేర్చినట్లు లేస్తాయి. ఫర్ చెట్టు కత్తిరిస్తే అందగిస్తుంది, ఇది కత్తిరిస్తే చెడుతుంది. తల తెగితే పక్క నుంచి వంకరగా తలలు లేస్తాయి, కింది కొమ్మ ఎండి రాలితే ఆ చోట మళ్లీ కొమ్మ రాదు. కాబట్టి కడియం రైతు పని ఏమిటంటే చేయి పెట్టకుండా కాపాడటం: మొక్కను మొక్కకు రాసుకోనీయకుండా ఎడం పాటించడం, లేతవాటిని షేడ్‌నెట్ కింద ఉంచడం, వేర్లు కవరు అడుగున చుట్టుకుపోకముందే పెద్ద కవరులోకి మార్చడం, కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో బోరు నీటితో తడి ఆరకుండా చూడటం. ఒక్క పదిరోజులు నీళ్లు తప్పితే కింది వరుస గోధుమరంగుకు తిరుగుతుంది. రెండు వరుసలు పోయిన మొక్కను లారీవాడు పక్కకు పెట్టేస్తాడు.

దీన్ని పెంచడంలో తమాషా అయిన చిక్కు ఇంకొకటి ఉంది. మందారమో నందివర్ధనమో అయితే ఏ కొమ్మ విరిచి పాతినా చెట్టవుతుంది. అరకేరియా పక్క కొమ్మను పాతితే అది వేరు పడుతుంది గాని, చెట్టుగా నిటారుగా లేవదు. తాను పక్క కొమ్మనన్న సంగతి మరచిపోకుండా ఏళ్ల తరబడి నేల మీద పక్కకే పాకుతుంది. నిటారుగా లేవాలంటే తలకొసనే పాతాలి, తలకొస కోస్తే తల్లిమొక్క ఆకారం చెడుతుంది. అందుకే విత్తనం నుంచి పెంచడమే సరైన దారి. ఆ విత్తనమూ నిలవ ఉండదు, తాజాగా ఉన్నప్పుడే వేయాలి.

ఇప్పుడు మా అన్నయ్య ప్రశ్నకు వస్తాను. ఫర్ చెట్టు డెల్టాలో ఎందుకు రాదంటే, దానికి కావలసినవి రెండు ఇక్కడ లేవు. ఒకటి చలి. శీతాకాలంలో వారాల పాటు గడ్డకట్టే చలి తగిలి నిద్రపోతేనే దాని మొగ్గలు వసంతంలో సరిగ్గా విచ్చుతాయి. కోత ముందు కొన్ని రాత్రులు మంచు పడి చెట్టు గట్టిపడితేనే, కోసిన తరువాత ఆకులు వారాల పాటు రాలకుండా నిలుస్తాయి. మనకు సంక్రాంతి రోజుల్లో భోగిమంట చుట్టూ చేరేంత చలి వస్తే అదే గొప్ప. మన దేశంలో ఫర్ జాతులు హిమాలయాలకే పరిమితం కావడానికి కారణం ఇదే.

రెండోది నేల. ఫ్రేజర్ ఫర్ రైతును అన్నిటికన్నా భయపెట్టేది ఫైటోఫ్తొరా అనే వేరుకుళ్లు తెగులు. నీరు నిలిచే నేలలో ఈ శిలీంధ్రం లాంటి జీవి వేర్లను కుళ్లబెడుతుంది. ఒకసారి ఆ నేలలో చేరితే అక్కడ మళ్లీ ఫ్రేజర్ ఫర్ వేయలేరు. కొండవాలు మీద సాగు చేయడంలో, నీరు నిలిచే పల్లాలను వదిలేయడంలో ఉన్న కారణం ఇదే. ఈ తెగులును కాస్త తట్టుకునే జపాను మోమి ఫర్ వేరు మీద ఫ్రేజర్ ఫర్‌ను అంటు కట్టి చూసేవారూ ఉన్నారు. మనదేమో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి నీరు పారించుకోవడం కోసమే తీర్చిదిద్దిన నేల. అడుగు తవ్వితే జిగురు ఒండ్రు, ఆగస్టులో గోదావరి ఎర్రనీరు లంకలను కప్పుతుంది, వర్షాకాలమంతా చేలు బురదగానే ఉంటాయి. వరి సంతోషించే ప్రతి లక్షణమూ ఫర్‌కు ప్రాణాంతకం.

వేడి సంగతి వేరే చెప్పాలి. 2021 జూన్ చివరిలో ఆరెగాన్‌లో ఎన్నడూ లేని వడగాడ్పు వచ్చి పోర్ట్‌లాండ్‌లో ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటింది. ఆ కొద్ది రోజులకే తోటల్లో లేత చిగుళ్లు మాడి ఎర్రబడ్డాయి, ఆ ఏడాది నాటిన మొక్కలు పెద్ద ఎత్తున చనిపోయాయి. రాజమండ్రి మే నెలలో 44, 45 డిగ్రీలు చూడటం కొత్తేమీ కాదు గనుక, ఈ ఒక్క సంఘటన చాలు ఆ ప్రశ్నకు సమాధానంగా.

అక్కడి కోత నవంబరులో. అంతకు ముందే రైతు వరుసల వెంట తిరుగుతూ ఎత్తునూ నాణ్యతనూ బట్టి రంగు చీటీలు కడతాడు. అమెరికా వ్యవసాయ శాఖ ఈ చెట్లకూ గ్రేడులు నిర్ణయించింది, ప్రీమియం, ఒకటి, రెండు అంటూ. దట్టం ఎంత, పై నుంచి కిందికి వెడల్పు ఏ నిష్పత్తిలో ఉంది, కాండం తిన్నగా ఉందా, ఎన్ని వైపుల నుంచి చూస్తే లోపం కనబడదు అన్నవే కొలతలు. గోడ వారగా నిలబెట్టేవారికి ఒక వైపు లోపమున్నా ఫరవాలేదు కదా, ధర కూడా ఆ ప్రకారమే. చీటీ కట్టిన చెట్టును మోటారు రంపంతో మొదలంటా కోసి, గరాటు లాంటి యంత్రంలోంచి లాగుతారు. కొమ్మలు పైకి ముడుచుకుని చెట్టు వలలో బిగిసి బయటికొస్తుంది. ఆరెగాన్‌లోని పెద్ద తోటలలో కోసిన చెట్లను మోపులుగా కట్టి, హెలికాప్టరుకు వేలాడే తాడుకు తగిలించి, లారీ దగ్గరికి మోయిస్తారు. వానలకు బురదైన వాలులోకి బండి దిగలేదు, పైగా సరుకంతా రెండు మూడు వారాల్లోనే కదలాలి. అంత ఖరీదైన యంత్రాన్ని చెట్లు మోయడానికి వాడటం మొదట విన్నప్పుడు ఆడంబరం అనిపించింది గాని, డిసెంబరు 26న చిల్లిగవ్వ చేయని సరుకు పండించేవాడి తొందర అర్థమయ్యాక కాదనలేకపోయాను.

నవంబరు మనకు తుపానుల నెల కూడా. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చిన తుపానును చూసినవారు, పదేళ్లు పెంచి ఆ నెలలోనే కోయవలసిన పంట గురించి ఆలోచించడానికే భయపడతారు. కడియంలో షేడ్‌నెట్లు దింపి, ఎత్తైన కుండీలను పక్కకు పడుకోబెట్టి కాపాడుకునే వీలైనా ఉంది.

అరకేరియా పట్టణాల ఇళ్లకూ హోటళ్లకూ వెళ్లే మొక్క. డెల్టా పల్లెల్లో, ముఖ్యంగా అంతర్వేది, మొగల్తూరు, పేరుపాలెం వైపు, చర్చిలో నిలబెట్టేది సరుగుడు కొమ్మ. దూరం నుంచి పైన్ చెట్టులా కనిపించే సరుగుడుకు ఆ కుటుంబంతో చుట్టరికమే లేదు. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, కణుపు కణుపుగా ఉండే సన్నని రెమ్మలు. అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర కంటికి ఆనని పొలుసులుగా ఉంటాయి. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి ఇసుక నేలలోనూ బతుకుతుంది. మీటరుకొకటి నాటితే ఎకరానికి దాదాపు నాలుగు వేల మొక్కలు, నాలుగైదేళ్లలో కోత. కలప రాజమండ్రి కాగితపు మిల్లుకో, పందిరి గుంజలకో, ఇళ్ల కట్టుబడికో వెళుతుంది. చిత్రమేమిటంటే ఫర్ లాగానే సరుగుడు కత్తిరింపును బాగా ఓర్చుకుంటుంది, కంచెగానూ రకరకాల ఆకారాలుగానూ తీర్చే చెట్టు అది. కాలువ గట్టు మీద నాలుగు వరుసలు క్రిస్మస్ కోసమే వేసి, రెండేళ్లు శంకువు ఆకారంలో కత్తిరించి, కుండీలో కాకపోయినా మొదలంటా కోసి అమ్మితే బాగుంటుందని నాకెప్పటినుంచో ఉంది. ఇప్పుడు జరుగుతున్నది వేరు. డిసెంబరు వస్తే కుర్రాళ్లు ఎవరి తోటలోనో రెండేళ్ల చెట్ల తలలు విరిచి పట్టుకుపోతారు. తల పోయిన సరుగుడు గుంజకు పనికిరాదు. తోటవాడు పండగ పూట ఏమీ అనలేక ఊరుకుంటాడు. విరిచి తెచ్చిన కొమ్మ కూడా నాలుగు రోజులకు ఎండిపోయి, సీరియల్ లైట్ల కింద ప్రమాదకరంగా మారుతుంది. అడిగి, నాలుగు డబ్బులిచ్చి, పక్క కొమ్మలనో, పలచన చేయవలసిన చెట్లనో తీసుకుంటే ఇద్దరికీ మంచిది.

ధరల విషయానికొస్తే, దీర్ఘకాలపు పంటలన్నిటికీ ఉన్న జబ్బే దీనికీ ఉంది. 2000 దశకం మొదట్లో అమెరికాలో అందరూ ఎగబడి నాటారు. ఆ చెట్లు కోతకొచ్చే వేళకు 2008 ఆర్థిక మాంద్యం వచ్చి ధర పడిపోయింది. చాలామంది నాటడం మానేశారు, కొందరు తోటలు తీసేశారు. దాని ఫలితం 2016, 2017 నాటికి కొరతగా బయటపడి ధరలు ఎగిశాయి. ఈ మధ్యలో చైనా నుంచి వచ్చే ప్లాస్టిక్ చెట్లు ఇళ్లలో స్థిరపడ్డాయి. మన సరుగుడు రైతులకు ఈ కథ కొత్త కాదు. ధర బాగున్న ఏడాది అందరూ నాటడం, నాలుగేళ్ల తర్వాత అందరి కలప ఒకేసారి మిల్లు ముందు నిలవడం వారికి అలవాటైన అనుభవమే. నాలుగేళ్ల పొరపాటును తట్టుకోవచ్చు, పదేళ్లది తట్టుకోవడం కష్టం.

ఈ విషయంలో కడియం అరకేరియా పద్ధతే నాకు మెరుగైనదిగా కనిపిస్తుంది. డిసెంబరులో అమ్ముడు కాని మొక్క జనవరిలో చెత్త కాదు. ఇంకో వరుస వేసుకుని, పెద్ద కుండీలోకి మారి, గృహప్రవేశానికో ఆఫీసు వరండాకో మరింత ధరకు వెళుతుంది. క్రిస్మస్ దానికి ఉన్న అనేక సందర్భాలలో ఒకటి మాత్రమే. మా అన్నయ్యకు ఇదే రాశాను. తన వంతుగా ఒక సవరణ పంపాడు: అక్కడ కోసిన చెట్టు స్థానంలో మరుసటి వసంతంలో కొత్త మొక్క నాటుతారనీ, కొన్నిచోట్ల కింది వరుస కొమ్మలు వదిలి కోసి, ఆ మోడు నుంచే రెండో చెట్టును పెంచుతారనీ. మన అరటి పిలకల లెక్క అన్నమాట, కాదనను.

కుండీలో చెట్టు కొన్నవారికి రెండు మాటలు. పండగ పది రోజులు ఏసీ గదిలోనో చీకటి మూలనో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టకండి. వారం పాటు నీడలో, ఆ తరువాత ఉదయపు ఎండలో అలవాటు చేయండి. కొమ్మల మీద చల్లిన మెరుపు రంగులు, వెండి పొడి ఉంటే తడిగుడ్డతో తుడిచేయండి. ఉగాది దాటాక నేలలో నాటుదామనుకునేవారు మాత్రం ముందు తల పైకెత్తి చూడాలి, కరెంటు తీగలు ఉన్నాయేమోనని. ఇది కొబ్బరిని మించిపోయే చెట్టు. పైగా క్రిస్మస్ ట్రీ పేరుతో దీని దగ్గరి బంధువు కుక్ పైన్ కూడా అమ్ముడవుతుంది. ఆ చెట్టు ఎక్కడ నాటినా భూమధ్యరేఖ వైపుకే, సగటున ఎనిమిది డిగ్రీలకు పైగా వాలుతుందని 2017లో పరిశోధకులు కొలిచి చూపారు. మన దగ్గర అది దక్షిణానికి వాలుతుంది కాబట్టి, ఆ వైపున పెంకుటిల్లున్న పెరట్లో నాటకపోవడం మంచిది.